'కొట్టివేత' అనే ఒక్క మాట చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఒక విదేశీ కోర్టు మానవ హక్కుల దావాను "కొట్టివేసింది" అని ఇటీవల మీ పత్రిక అంతర్జాతీయ పుటలో వచ్చిన చిన్న వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. వార్తలో తప్పేమీ లేదు. ఆ కోర్టు దావాను ముందుకు సాగనివ్వలేదన్నది నిజమే. అయితే మా వీధి చివర టీ కొట్టు దగ్గర అదే వార్త చదివిన ఒక పెద్దాయన "అయితే వాళ్లు చెప్పిందంతా అబద్ధమని తేలిపోయిందన్నమాట" అని పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. వాది చెప్పింది ఆసాంతం విని నిజం కాదని తేల్చడం వేరు, వినడానికి తనకు అధికారమే లేదని చెప్పి కాగితాలు వాపసు ఇవ్వడం వేరు. ఈ రెంటికీ మీ వార్తాహరులు ఒకే మాట వాడుతున్నారు.

నేను 1982లో గుంటూరు జిల్లా సివిల్ కోర్టుల్లో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం దావాలు దాఖలయ్యే సెక్షన్‌లోనే గడిచింది. వకీలు గుమాస్తా కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టగానే మేము మొదట చూసేది వాది పడ్డ కష్టం కాదు. కోర్టు ఫీజు సరిపోయిందా, వ్యాజ్య కారణం ఏ తేదీన ఏ ఊళ్లో పుట్టిందో రాశారా, ప్రతివాది నివాసం మా పరిధిలోకి వస్తుందా అన్నవే చూసేవాళ్లం. పరిధి పేరాలో తేడా కనిపిస్తే "ఈ కోర్టునందు దావా ఎట్లు విచారణార్హము?" అని వెనక రాసి రిటర్ను వేసేవాళ్లం. ఒకసారి ఒక రైతు ఆ కట్ట చేతిలో పట్టుకుని వరండాలో నిలబడి "ఓడిపోయానా అయ్యా?" అని నన్ను అడిగాడు. "లేదయ్యా, నీ దావాకు ఇంకా నంబరే పడలేదు" అని చెప్పాను. అంటే కోర్టు దాన్ని విచారణకు ఇంకా తీసుకోనేలేదు. ప్లెయింటు (దావా అర్జీ) వాపసు, ప్లెయింటు తిరస్కరణ, విచారణ ముగిశాక దావా డిస్మిస్ అన్నవి మూడూ వేరు వేరని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. మొదటి రెంటిలో వాది మరోసారి కోర్టు మెట్లెక్కవచ్చు. గుణదోషాలు తేలిన తర్వాత వచ్చే మూడోదానిలో అప్పీలు తప్ప వేరే దారి లేదు. మా తాలూకా కోర్టులో ఇంత తేడా పాటించేవాళ్లం. విదేశీ కోర్టుల వార్తల్లో మాత్రం ఆ తేడా ఎక్కడా కనిపించదు.

ఒక ఉదాహరణ చూడండి. గుజరాత్‌లోని కచ్ తీరంలో ముంద్రా దగ్గర 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. టాటా పవర్ అనుబంధ సంస్థ దాన్ని నిర్మించింది. ప్రపంచ బ్యాంకు బృందంలో భాగమైన ఐఎఫ్‌సీ, అంటే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ, 2008లో దానికి 45 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ప్లాంటు నుంచి సముద్రంలోకి వదిలే వేడి నీటి వల్ల చేపలు దూరమయ్యాయనీ, తాగునీరు ఉప్పగా మారిందనీ, ఎండబెట్టిన చేపల మీదా పంటల మీదా బూడిద పడుతోందనీ అక్కడి మత్స్యకారులు, రైతులు ఆరోపించారు. రుణంతో పాటు పెట్టిన పర్యావరణ షరతులను ఐఎఫ్‌సీ అమలు చేయించలేదన్నది వారి ఫిర్యాదు. ఐఎఫ్‌సీ సొంత ఫిర్యాదుల విభాగమే 2013లో ఆ సంస్థ పర్యవేక్షణలో లోపాలున్నాయని నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక వచ్చాక కూడా ఊళ్లో ఏమీ మారకపోవడంతో వారు 2015లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేశారు. వాదుల్లో ఒకరి పేరు మీద న్యాయశాస్త్ర విద్యార్థులు దీన్నే జామ్ కేసు అంటారు.

జిల్లా కోర్టు 2016లో దావాను సాగనివ్వలేదు. అంతర్జాతీయ సంస్థలకు 1945 నాటి అమెరికా చట్టం దావాల నుంచి పూర్తి రక్షణ ఇస్తోందనీ, అందువల్ల వాటి మీద దావా నిలవదనీ చెప్పింది. 2017లో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది. 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు 7–1 ఆధిక్యంతో దీన్ని తోసిపుచ్చింది. విదేశీ ప్రభుత్వాలకు నేడు ఎంత రక్షణ ఉందో అంతర్జాతీయ సంస్థలకూ అంతే ఉంటుందని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పు రాశారు. 1976 నుంచి విదేశీ ప్రభుత్వాలకు వాణిజ్య వ్యవహారాల్లో ఆ రక్షణ లేదు కాబట్టి ఐఎఫ్‌సీకీ ఉండదన్నది దాని అర్థం. కచ్ మత్స్యకారులు ప్రపంచ బ్యాంకును గెలిచారన్న తీరులో శీర్షికలు వెలువడ్డాయి. నిజానికి ఆ రోజు జరిగిందల్లా వారి దావాకు నంబరు పడటమే.

అదీ నిలవలేదు. కేసు తిరిగి జిల్లా కోర్టుకు వెళ్లాక, ఆ వాణిజ్య వ్యవహారాల మినహాయింపు వర్తించాలంటే ఫిర్యాదుకు మూలమైన చర్య అమెరికా గడ్డ మీద జరిగి ఉండాలి, నష్టం కలిగించిన ప్లాంటు నిర్మాణం, నిర్వహణ జరిగింది మాత్రం భారతదేశంలో, అని 2020లో ఆ కోర్టు దావాను మళ్లీ ఆపేసింది. రుణం ఇవ్వాలన్న నిర్ణయం, షరతులు రాయడం, పర్యవేక్షణ వాషింగ్టన్‌లోనే జరిగాయన్న వాదన నిలబడలేదు. 2021లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. 2022లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఏడేళ్లు నడిచిన ఈ వ్యవహారంలో వేడి నీటి సంగతి, బూడిద సంగతి, ఉప్పు నీటి సంగతి ఒక్క రోజైనా సాక్షుల బోను దాకా రాలేదు. సముద్రంలో చేపలు తగ్గాయా లేదా, తగ్గితే ఎవరి వల్ల తగ్గాయి అన్న ప్రశ్న ఇవాళ్టికీ తీర్పు లేకుండానే మిగిలింది. "కచ్ మత్స్యకారుల పిటిషన్ కొట్టివేత" అని రాస్తే ఇదంతా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

భోపాల్ కేసు అందరికీ తెలుసు అనుకుంటాం గానీ, అమెరికా కోర్టులో దానికి ఏమైందని అడిగితే సరిగ్గా చెప్పేవారు తక్కువ. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ ఇండియా ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడింది. మరుసటి ఏడాది పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బాధితులందరి తరఫున దావా వేసే హక్కును కేంద్ర ప్రభుత్వానికి కట్టబెట్టింది. ప్రభుత్వం అమెరికాలోని మాతృసంస్థ యూనియన్ కార్బైడ్ మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. అక్కడ నడిచిన వాదం మన దేశ న్యాయచరిత్రలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోస్తుంది. ఇంత పెద్ద కేసును మోసే శక్తి భారత కోర్టులకు లేదు, ఏళ్ల తరబడి జాప్యం జరుగుతుంది అని స్వయంగా భారత ప్రభుత్వం వాదించింది. భారత కోర్టులు సమర్థమైనవి అని యూనియన్ కార్బైడ్ వాదించింది. నానీ పాల్కీవాలా అంతటి న్యాయవాది కంపెనీ తరఫున ఆ మేరకు అఫిడవిట్ ఇచ్చారు. 1986 మే 12న న్యాయమూర్తి కీనన్ కంపెనీ వాదననే అంగీకరించి, విచారణకు అనువైన చోటు భారతదేశమే అన్నారు. తన ప్రజల తరఫున తీర్పు చెప్పే అవకాశాన్ని భారత న్యాయవ్యవస్థకు లేకుండా చేయడమంటే పాత బానిసత్వాన్ని తిరిగి తెచ్చినట్టే అవుతుందన్న భావం కూడా ఆ ఉత్తర్వులో ఉంది. చదివితే మనకు గౌరవం దక్కినట్టే ఉంటుంది. లాభం పొందింది మాత్రం కంపెనీ.

ఆ ఉత్తర్వులో కంపెనీ తప్పు చేసిందని గానీ చేయలేదని గానీ ఒక్క మాట లేదు. ఆ తర్వాత భోపాల్ జిల్లా కోర్టు 1987లో 350 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మంది, హైకోర్టు దాన్ని 250 కోట్లకు తగ్గించింది, 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీ కుదిరింది కాబట్టి అమెరికా మాతృసంస్థ సివిల్ బాధ్యత ఎంత అన్నది మన కోర్టూ విచారించి తేల్చలేదు. ఆ మొత్తం చాలదంటూ కేంద్రం చివరి ప్రయత్నంగా వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చి 14న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. ఇది కూడా రాజీని తిరగదోడడానికి వీలు లేదన్న తీర్పే గాని, బాధితులకు జరిగిన నష్టం అంతేనన్న తీర్పు కాదు. ఆ రోజు వచ్చిన శీర్షికల్లో "కొట్టివేత" అన్న మాటే మళ్లీ కనిపించింది.

భోపాల్ వాళ్లకు న్యూయార్క్‌లో దొరకనిది జాంబియా పల్లె జనానికి లండన్‌లో దొరికింది. న్‌చంగా రాగి గని నుంచి వచ్చిన కలుషితాలు తమ నీళ్లనూ పొలాలనూ పాడుచేశాయని చింగోలా ప్రాంతానికి చెందిన 1,826 మంది, స్థానిక కంపెనీ మీదా లండన్‌లోని మాతృసంస్థ వేదాంత మీదా ఇంగ్లండులో దావా వేశారు. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని అనుమతించింది. ఆ కోర్టు కూడా సహజమైన వేదిక జాంబియాయే అని ఒప్పుకుంది. కాని అంతటి పేదలకు అక్కడ ఇంత పెద్ద కేసు నడిపే డబ్బూ, అనుభవం ఉన్న వకీళ్ల బృందమూ దొరకవు కాబట్టి న్యాయం అందదని చెప్పి ఇంగ్లండులో దారి తెరిచింది. 1985లో మన ప్రభుత్వం న్యూయార్క్‌లో చెప్పుకున్నదీ ఇంచుమించు ఇదే. ఈసారి మన వార్తల్లో పొరపాటు రెండో వైపు జరిగింది. "వేదాంతకు చుక్కెదురు" అని రాస్తే కంపెనీ దోషి అని తేలినట్టే పాఠకుడు అనుకుంటాడు. తేలింది ఇంగ్లండు కోర్టు వినవచ్చునన్నది మాత్రమే. 2021 జనవరిలో బాధ్యత ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ చేసుకుంది. కోర్టు వింటుందని తేలగానే చాలా కంపెనీలు రాజీకి వస్తాయి. అందుకే పరిధి మీద అన్ని ఏళ్లు పోరాడతాయి.

నంబరు పడి, విచారణ జరిగి, డిక్రీ చేతికొచ్చాక కూడా పని అయిపోదని కోర్టు గుమాస్తాలకు వేరే చెప్పనక్కర్లేదు. పరాగ్వే నియంత స్ట్రాస్నర్‌ను వ్యతిరేకించిన డాక్టర్ ఫిలార్తిగా కొడుకు, పదిహేడేళ్ల హోయెలితోను 1976లో అసున్‌సియోన్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు. అందుకు కారకుడైన పోలీసు అధికారి పెన్యా ఇరాలా 1979లో బ్రూక్లిన్‌లో ఉంటున్నట్టు తెలుసుకుని, చనిపోయిన కుర్రవాడి అక్క అక్కడే కేసు వేసింది. అమెరికా తొలి కాంగ్రెస్ 1789లో చేసి, దాదాపు రెండు శతాబ్దాలు ఎవరూ పెద్దగా ముట్టని ఒక చిన్న చట్టం, అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించిన వారి మీద విదేశీయులు అమెరికా కోర్టుల్లో దావా వేయడానికి వీలిచ్చేది, ఆమెకు ఆధారమైంది. 1980 జూన్ 30న అప్పీలు కోర్టు తరఫున న్యాయమూర్తి కాఫ్‌మన్, ఒకప్పటి సముద్రపు దొంగలాగా, బానిసల వర్తకుడిలాగా, చిత్రహింసలు పెట్టేవాడు కూడా మానవజాతి మొత్తానికీ శత్రువే అని రాశారు. ఈ రంగంలో ఇంతకు మించి ఉదహరించే వాక్యం లేదు. 1984లో కోటి డాలర్లకు పైగా డిక్రీ వచ్చింది. అప్పటికి ముద్దాయిని పరాగ్వేకు పంపేశారు. మా భాషలో చెప్పాలంటే ఎక్స్ పార్టే (ఏకపక్ష) డిక్రీ వచ్చింది, ఈపీలో, అంటే డిక్రీ అమలు అర్జీలో, చిల్లిగవ్వ రాలేదు. ఆ చట్టం తెరిచిన దారి కూడా తర్వాత సన్నబడుతూ వచ్చింది. నైజీరియాలో రచయిత, ఉద్యమకారుడు కెన్ సారో వీవాతో పాటు ఉరితీసిన డాక్టర్ కియోబెల్ భార్య చమురు కంపెనీ షెల్ మీద వేసిన దావాలో 2013లో అమెరికా సుప్రీంకోర్టు, పరాయి దేశంలో జరిగిన వాటికి ఈ చట్టం మామూలుగా వర్తించదని చెప్పింది. 2018లో మరో కేసులో విదేశీ కంపెనీలను దాని పరిధి నుంచి తప్పించింది. ఆ ఉరిశిక్షల్లో షెల్‌కు పాత్ర ఉందా లేదా అన్నది ఈ తీర్పుల్లో ఎక్కడా లేదు.

నెదర్లాండ్స్ నగరం హేగ్ నుంచి వచ్చే వార్తల విషయంలో మరో ఇబ్బంది ఉంది. అక్కడ రెండు పెద్ద కోర్టులున్నాయి. దేశాల మధ్య తగువులు చూసేది అంతర్జాతీయ న్యాయస్థానం, వ్యక్తుల మీద నేరవిచారణ జరిపేది అంతర్జాతీయ నేర న్యాయస్థానం. మన పత్రికల్లో రెంటినీ "అంతర్జాతీయ కోర్టు" అని ఒకే గాటన కట్టేయడం తరచూ చూస్తున్నాను. మొదటి కోర్టు ఎవరినీ అరెస్టు చేయమనదు, ఏ మనిషికీ శిక్ష వేయదు. రెండో కోర్టులో మన దేశానికి సభ్యత్వమే లేదు.

రోహింగ్యాల మీద జాతిహత్య జరిగిందంటూ గాంబియా 2019 నవంబరులో మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసు మనకు దూరపుది కాదు. ఆ ప్రజల్లో వేల మంది హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో బతుకుతున్నారు. 2020 జనవరి 23న ఆ కోర్టు ఏకగ్రీవంగా ఇచ్చింది మధ్యంతర ఉత్తర్వు. అసలు దావా తేలేదాకా పొలంలో చెట్లు నరకవద్దని మన కింది కోర్టులు ఐఏ, అంటే మధ్యంతర అర్జీ, మీద ఇచ్చే ఉత్తర్వు ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. దాన్ని "మయన్మార్‌ను దోషిగా తేల్చిన అంతర్జాతీయ న్యాయస్థానం" అని చెబితే అసత్యమవుతుంది. 2022 జూలైలో మయన్మార్ అభ్యంతరాలను తోసిపుచ్చి, గాంబియాకు కేసు వేసే అర్హత ఉందని తేల్చడంతో అసలు విచారణకు దారి ఏర్పడింది. గాజాలో జాతిహత్య జరుగుతోందంటూ అదే కోర్టులో దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్ మీద వేసిన కేసులో 2024 జనవరి 26న వచ్చిన ఉత్తర్వును ప్రపంచమంతా ఎంతగా తప్పుగా చదివిందంటే, పదవి నుంచి దిగిపోయాక ఆ కోర్టు అప్పటి అధ్యక్షురాలు జోన్ డొనాహ్యూ బీబీసీకి స్వయంగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. జాతిహత్య జరిగిందన్న ఆరోపణ నమ్మదగినదని తాము తేల్చలేదని, జాతిహత్య నుంచి రక్షణ పొందే హక్కు పాలస్తీనీయులకు ఉందన్న వాదన పరిశీలనార్హమని మాత్రమే అన్నామని ఆమె చెప్పారు. గూఢచారి అని పాకిస్తాన్ మరణశిక్ష వేసిన భారతీయుడు కులభూషణ్ జాదవ్ కేసులో 2019 జూలై 17న కాన్సులర్ సాయం, అంటే మన దౌత్య అధికారులు ఆయన్ను కలిసే వీలు, నిరాకరించి పాకిస్తాన్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని 15–1తో తేలింది. శిక్షను రద్దు చేయాలని, ఆయన్ను విడుదల చేయాలని మనం అడిగినవి మాత్రం దక్కలేదు. రెండు దేశాలూ గెలిచామనే ప్రకటించుకున్నాయి. రెండు దేశాల పత్రికలూ తమ ప్రభుత్వం మాటనే అచ్చువేశాయి.

ఇవన్నీ దూరపు సంగతులు, మనకెందుకు అనుకునేవారికి నా అనుభవంలోని ఒక్క విషయం చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, డిక్రీ బాకీ కట్టలేదని మనిషిని సివిల్ జైలుకు పంపమని కోరుతూ ఈపీలు కుప్పలుగా వచ్చేవి. వాటిల్లో ప్రతివాది తరఫు ప్లీడర్లు లేచి "జాలీ జార్జి ఉంది సార్" అనడం రోజూ వినిపించేది. మొదట్లో అదెవరో నాకు అర్థం కాలేదు. 1980 ఫిబ్రవరిలో, అంటే ఫిలార్తిగా తీర్పుకు కొద్ది నెలల ముందు, మన సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు అది, ఆ పేరు కేసులో ఒక పక్షానిది. కేవలం అప్పు తీర్చలేకపోయినందుకు ఎవరినీ ఖైదు చేయరాదన్న పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 11వ అధికరణం మీద అది ఆధారపడింది. ఆ ఒడంబడికలో మన దేశం చేరింది 1979లోనే. ఒడంబడిక దానంతట అది మన చట్టం అయిపోదని ఆ తీర్పే స్పష్టంగా చెప్పింది. కాని ఉన్న చట్టాన్ని ఆ వెలుగులో చదివి, ఇవ్వగలిగి ఉండీ దురుద్దేశంతో ఎగ్గొట్టేవాడినే జైలుకు పంపవచ్చునని అన్నది. ఆ తర్వాత బాకీదారుకు స్తోమత ఉందా అన్న విచారణ లేకుండా వారంటు కదలడం కష్టమైంది. కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీను వెంట వచ్చి, తువ్వాలు చంకలో పెట్టుకుని బోనులో నిలబడిన ఎందరో కౌలు రైతులు సాయంత్రం బస్సుకు ఇంటికి వెళ్లారంటే దానికి కారణం ఐక్యరాజ్యసమితి కాగితం ఒకటని వాళ్లకు తెలియదు. ఏ పత్రికా దాన్ని మానవ హక్కుల వార్తగా రాయలేదు.

కాబట్టి మీ డెస్కు వారికి నా మనవి ఏమిటంటే, విదేశీ కోర్టు వార్త వచ్చినప్పుడు ఆ కేసు ఏ మెట్టు మీద ఉందో ఒక్క వాక్యం తప్పనిసరిగా చేర్చండి. పరిధి లేదని ఆగిందా, రక్షణ ఉందని ఆగిందా, వేరే దేశంలో వేసుకోమన్నారా, సాక్ష్యం విన్నాక ఓడిందా అన్నది ఆ వాక్యంలో తెలియాలి. స్థలం లేదనకండి. "కొట్టివేత" బదులు "విచారణకు నిరాకరణ" అంటే శీర్షికలో పెరిగేది కొన్ని అక్షరాలే. మధ్యంతర ఉత్తర్వును తీర్పు అనకండి. వాది చెప్పినవి నిజమా కాదా అన్నది కోర్టు తేల్చకపోతే "తేల్చలేదు" అని రాయడానికి మొహమాటపడకండి.

తెలుగు కోర్టు భాషలో ఈ తేడాలన్నిటికీ మాటలున్నాయి. వాపసు, తిరస్కరణ, నిలుపుదల, మధ్యంతరం, ఏకపక్షం, రాజీ డిక్రీ, అమలు అర్జీ వంటివి మా పాత డాకెట్ షీట్లలో రోజూ రాసినవే. నా దగ్గర అలాంటివి ఒక నోటుపుస్తకం నిండా ఉన్నాయి. డెస్కులో ఎవరికైనా పనికొస్తాయనుకుంటే జిరాక్సు తీయించి పోస్టులో పంపుతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
తెనాలి